పల్చటి వాచీ కావాలంటే కీ ఇవ్వక తప్పదు

2022లో ఖరీదైన వాచీల కంపెనీ బల్గారీ 1.80 మిల్లీమీటర్ల మందంతో వాచీ తెచ్చింది. కొన్ని నెలలకే మరో కంపెనీ రిషార్ మిల్ 1.75తో దాన్ని దాటింది. 2024లో బల్గారీ 1.70కి దిగితే, అదే ఏడాది రష్యన్ గడియారాల తయారీదారు కాన్‌స్టాంటిన్ చైకిన్ 1.65 దగ్గరకు తెచ్చి పెట్టాడు. చూడముచ్చటైన పోటీయే గానీ చొక్కా కఫ్ కింద ఇమిడే మామూలు మెకానికల్ వాచీ (బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేది) ఒకటి, అందుబాటు ధరలో వెతుక్కునేవాడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అతనికి కనిపించేది వేరే ప్రపంచం. పేరులో ‘స్లిమ్’ అని, ‘అల్ట్రా థిన్’ అని ఉంటుంది. వివరాల్లోకి వెళ్తే 10 మిల్లీమీటర్లో, 11 మిల్లీమీటర్లో. ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకునే మాట అది.

నేనూ అలా ఒకసారి మోసపోయాను. డయల్ ఫోటో చూసి మనసు పారేసుకుని ఆటోమేటిక్, అంటే చెయ్యి కదలికతో తనే కీ ఇచ్చుకునే వాచీ కొన్నాను. కఫ్ బొత్తాం పెట్టాలంటే వాచీని మణికట్టు పైకి తోసుకోవాలి. ఆ ప్రకటనలో పక్క నుంచి తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదని తర్వాతే గమనించాను.

చవక వాచీ లావుగా ఉండటానికి ప్రధాన కారణం రోటర్. చెయ్యి కదిలినప్పుడల్లా గిరగిరా తిరిగి స్ప్రింగును బిగించే ఆ అర్ధచంద్రపు లోహపు ముక్క, దాని వెంట వచ్చే అదనపు పళ్ల చక్రాలు మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) నెత్తిన ఇంకో అంతస్తులా కూర్చుంటాయి. లెక్క చూడండి. ఎన్నో కంపెనీలు వాడిన స్విస్ ఆటోమేటిక్ మూవ్‌మెంట్ ఈటీఏ 2824-2 మందం 4.6 మిల్లీమీటర్లు. అదే కుటుంబంలో చేత్తో కీ ఇచ్చే 2801-2 మందం 3.35. రోటర్ తీసేస్తే చాలు, 1.25 మిల్లీమీటర్లు ఆదా. మొదటి నుంచీ పల్చగా ఉండాలనే గీసిన కీ మూవ్‌మెంట్ పెసో 7001 అయితే 2.5 మిల్లీమీటర్లే. అది 1971 నాటిది. అటు చవక ఆటోమేటిక్‌లలో విరివిగా కనిపించే సీకో ఎన్‌హెచ్35 ఏకంగా 5.32, అంటే రెండు పెసోలు ఒకదానిపై ఒకటి పెట్టినదానికంటే ఎక్కువ. దీని మీద ముళ్లు, వాటిపై ఖాళీ, అద్దం, వెనక మూత. అన్నీ కలిపి ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు వేసుకోండి. డిజైనర్ ఎంత గొప్పవాడైనా ఈ కూడికను మార్చలేడు. అంచులు వాలుగా చెక్కి, కంటిని కాసేపు మభ్యపెట్టగలడు, అంతే.

రోటర్ ఉంటే పల్చదనం అసాధ్యమా? కాదు. స్విస్ కంపెనీ పియాజే 1957లో 2 మిల్లీమీటర్ల కీ మూవ్‌మెంట్ 9పీ తెచ్చి, 1960లో 12పీ అనే ఆటోమేటిక్‌ను 2.3 మిల్లీమీటర్లలోనే ముగించింది. చిన్న రోటర్‌ను పైన పెట్టకుండా మూవ్‌మెంట్ లోపలే, మిగతా చక్రాల పక్కన పొదిగారు. కానీ అలాంటి పనితనానికి అయ్యే ఖర్చు మన బడ్జెట్‌లో పట్టదు. డబ్బు తక్కువున్నప్పుడు పల్చదనానికి దగ్గరి దారి ఒక్కటే. రోటర్‌ను వదులుకుని, రోజూ పొద్దున కీ ఇచ్చుకోవడం.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. రోజూ కీ ఇవ్వడం మర్చిపోతాం, తేదీ గడి లేకపోతే ఇబ్బంది, అసలు పల్చదనమే కావాలంటే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ కొనుక్కోవచ్చు కదా అంటారు. చివరిది నిజమే, క్వార్ట్జ్ పల్చగానూ ఉంటుంది, టైమూ బాగా చూపిస్తుంది. లోపల చక్రాలు ఆడుతుంటే చూసి మురిసే పిచ్చి లేనివాళ్లు హాయిగా అదే కొనుక్కోవచ్చు. మిగతా రెండూ నాకు సాకుల్లాగే తోస్తాయి. తేదీ జేబులో ఫోన్ చెబుతుంది. కీ ఇవ్వడానికి పట్టేది అర నిమిషం. రోటర్ ఉండి తీరాల్సిందే అంటే 3.9 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ మూవ్‌మెంట్ మియోటా 9015, లేదా తేదీ లేని దాని తోబుట్టువు 9039 ఉన్న వాచీ చూడండి. అందుబాటు ధరలో అంతకంటే మంచి రాజీ నాకు కనబడలేదు.

అసలు నన్ను కుదిపే విషయం ఇది కాదు. వాచీలు పల్చబడిన చరిత్రంతా తీసివేతల చరిత్ర. 1760ల్లో ఫ్రాన్స్‌లో లెపీన్ అనే గడియారాల తయారీదారు ఏం చేశాడు? అప్పటిదాకా చక్రాలను రెండు నిండు పలకల మధ్య బిగించేవాళ్లు. ఆయన పై పలక తీసేసి చక్రాలను పట్టి ఉంచే విడివిడి చిన్న పట్టీలు, అంటే బ్రిడ్జిలు పెట్టాడు, గొలుసు చుట్టుకునే శంకువు లాంటి ఫ్యూజీని తీసేశాడు. జేబు గడియారం ఒక్కసారిగా పల్చబడింది. పియాజే 2014లో 900పీతో మూవ్‌మెంట్‌కు విడిగా అడుగు పలకే లేకుండా చేసి, కేసు వెనక భాగాన్నే పలకగా వాడింది. అద్దంతో సహా వాచీ మొత్తం 3.65 మిల్లీమీటర్లు.

మరి తక్కువ ధర వాచీలో ఏం జరుగుతోంది? అంతా కూడికే. తేదీ గడి, వారం గడి, వెనక అద్దపు మూత, ఉబ్బెత్తు అద్దం, డయల్‌కు కన్నం పెట్టి చూపించే బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగేది). ఒక్కోటీ మందం పెంచేదో, చూపు చెదరగొట్టేదో. ఇది వాచీలతో ఆగలేదు. చవక ఫోన్‌కు వెనక మూడు కెమెరాలు అతికిస్తారు, అందులో రెండు దండగ. ఫ్రీ యాప్ తెరిస్తే తెర నిండా బొమ్మలు, ప్రకటనలు, బటన్లు. డబ్బు కట్టగానే అదే తెర తెల్లగా, ప్రశాంతంగా మారిపోతుంది. తక్కువ పెట్టేవాడికి ‘ఎక్కువ’ అంటగట్టి, ఎక్కువ పెట్టేవాడికి ‘తక్కువ’ను అమ్ముకునే వ్యాపారం ఇది. తీసేయడానికి నిజంగా అంత ఖర్చవుతుందా? కొన్నిచోట్ల అవుతుంది. కానీ రోటర్ లేని మూవ్‌మెంట్‌లో భాగాలు తక్కువ. తేదీ లేని డయల్‌కు ఒక కన్నం తక్కువ. అయినా సాదా డయల్, రెండు ముళ్లు, కీ ఇచ్చే యంత్రం అనగానే అది రసికుల సరుకైపోయి ధర పెరుగుతుంది. పెసో 7001 నిర్మాణం నుంచే పుట్టిన మూవ్‌మెంట్‌తో జర్మనీలో నొమోస్ కంపెనీ చేసే టాంజెంట్ వాచీ సుమారు ఆరున్నర మిల్లీమీటర్లలో ఒదిగిపోతుంది, కానీ దాన్ని చవక అనలేం.

అందుకే పాత వాచీల వైపు చూడమంటాను. సోవియట్ కాలపు 2209 మూవ్‌మెంట్ 2.9 మిల్లీమీటర్లు. బెలారస్‌లోని మిన్స్క్‌లో లూచ్ పేరుతో దీనితో వాచీలు చాలానే చేశారు. డయల్‌కు కొత్త రంగు పూసి అమ్మేవాళ్లతో జాగ్రత్త. పాతదైనా, కొత్తదైనా మందం అంకె ఒక్కటే చూసి కొనకండి. 40 మిల్లీమీటర్ల వెడల్పు మీద 9 మందం పల్చగా కనిపిస్తుంది, 34 మీద అదే 9 డబ్బాలా ఉంటుంది. చెప్పిన మందంలో అద్దం కలిసిందా అని అడగండి. స్ట్రాప్ తగిలించే కొమ్ములు కిందికి వంగి ఉన్నాయో లేదో చూడండి, వంగకుండా తిన్నగా ఉంటే ఎంత పల్చటి వాచీ అయినా మణికట్టు మీద తేలుతుంది. కీ ఇచ్చేటప్పుడు బిగువు తగలగానే ఆపేయండి. నీళ్లకు మాత్రం దూరంగా ఉంచాలి.

వీలైతే సెకన్ల ముల్లు కూడా లేనిది తీసుకోండి. వాచీ నడుస్తోందో ఆగిందో చూస్తే తెలియదు. చెవి దగ్గర పెట్టుకుని వినాల్సిందే.