విత్తనం పుట్టింటికి చేరాలి

అమెరికా మూలవాసుల్లో ఒకరైన పానీ తెగవారి మొక్కజొన్నలో ఒక రకం గింజ తెల్లగా ఉంటుంది, దాని మీద ఊదారంగు మచ్చ. తేరిపార చూస్తే రెక్కలు చాచిన గద్దలా కనిపిస్తుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో తరతరాలుగా పండిన ఆ విత్తనం, 1870లలో పానీలను ఓక్లహోమాకు తరలించినప్పుడు వారి మూటల్లోనే తరలిపోయింది. అక్కడి నేల, అక్కడి ఎండ దానికి పడలేదు. పంట ఏటికేడు సన్నగిల్లి, కొన్ని కుటుంబాలు దాచుకున్న గింజలే మిగిలాయి. 2000 దశకం తొలినాళ్లలో ఆ తెగ విత్తన సంరక్షకురాలు నెబ్రాస్కావాసులతో, అంటే తమ పూర్వీకుల భూమిలో ఇప్పుడు కాపురమున్నవారితో, చేతులు కలిపారు. చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ గింజలు. తొలిసారి విత్తినవి దక్కలేదు. అయినా ఉన్నవాటిలోంచే మళ్లీ పంపడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో సేద్యం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. ఈసారి కంకి పట్టింది.

విత్తనం పోవడమన్నది అమెరికా మూలవాసి జాతుల విషయంలో కాలవశాన జరిగిన నష్టం కాదు. 1779లో జార్జి వాషింగ్టన్ ఆదేశంపై వెళ్లిన సేనలు హోడెనోషోనీలనే మూలవాసి తెగల సమాఖ్య ఊళ్లు నలభై దాకా నాశనం చేశాయి, కోతకొచ్చిన మొక్కజొన్నను తగలబెట్టాయి, పండ్లతోటలు నరికాయి. తిండి లేకపోతే లొంగుతారన్నది లెక్క. తర్వాత రిజర్వేషన్లలో, అంటే మూలవాసులకని విడిగా హద్దులు గీసిన ప్రాంతాల్లో, కుదించి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించుకున్నవారి చేతిలో గోధుమపిండి, పందికొవ్వు, చక్కెర పెట్టారు. ఇవాళ ఆ దేశంలో మధుమేహం ఎక్కువగా పీడిస్తున్నది మూలవాసులనే.

అందుకే ఆహార భద్రత అన్న మాట వారికి చాలదు. రేషన్ ఇచ్చినా భద్రత అనవచ్చు. ఏం పండించాలో, ఏం తినాలో, ఏ విత్తనం దాచాలో తామే తేల్చుకునే హక్కు కావాలి. 1996లో రోమ్ ఆహార సదస్సు వేళ లా వియా కంపెసినా రైతు ఉద్యమం దీనినే ఆహార సార్వభౌమత్వమంటూ ప్రపంచం ముందుంచింది.

2020లో మరో మూలవాసి జాతి చెరోకీ తొమ్మిది రకాల విత్తనాలను నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు ఖజానాలో, అంటే ప్రపంచ దేశాల విత్తనాలు దాచే చోట, భద్రపరిచింది. వాటిలో 1838 నాటి బలవంతపు వలసలో వెంట తెచ్చుకున్న చిక్కుడు కూడా ఉంది. అక్కడ పెట్టె తెరిచే అధికారం దాచినవారిదే. మేము దీనిని స్వాగతిస్తున్నాం. కానీ మంచులో ఉన్న గింజకు మారిన వాన, కొత్త చీడ తెలియవు. అవి తెలియాలంటే ఏటా మట్టిలో పడాలి, ఏ కంకిని విత్తనానికి ఉంచాలో ఎరిగిన చేతుల్లో ఎండాలి. అదే జాతి తన సొంత విత్తన నిధి నుంచి తన పౌరులకు ఏటా ఉచితంగా గింజలు పంచుతోంది. మా దృష్టిలో ఖజానా కన్నా ఈ పంపకమే పెద్ద పని.

అమెరికా మ్యూజియంలలో, విశ్వవిద్యాలయాలలో తెగల నుంచి సేకరించిన విత్తనాలు ఇంకా సొరుగుల్లో ఉన్నాయి. వాటిని పుట్టింటికి చేర్చాలన్నది మూలవాసుల విత్తన సంరక్షకుల కోరిక. తల్లి నేలకు తిరిగి రావడమనే అర్థం వచ్చేలా దీనికి వారు 'రీమేట్రియేషన్' అని పేరు పెట్టుకున్నారు. కొన్ని సంస్థలు ఇవ్వడం మొదలుపెట్టాయి, అది చాలదు. 2007 నాటి ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటన 31వ అధికరణం విత్తనాల మీద వారి అధికారాన్ని పేరు పెట్టి గుర్తించింది. మొదట వ్యతిరేకంగా ఓటేసిన అమెరికా 2010లో దానికి మద్దతు ప్రకటించింది. ఆ మాట మీద నిలబడితే, తమ దగ్గర ఏ తెగ గింజలు ఏమున్నాయో ప్రతి సంస్థా బయటపెట్టాలి. అడిగిన తెగకు దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టించకుండా ఇవ్వాలి. వాటిమీద పేటెంటు గానీ పరిశోధన గానీ ఆ తెగ సమ్మతి లేనిదే సాగకూడదు. పాత గింజకు మొలకెత్తే శక్తి ఏటేటా తగ్గిపోతుంది గనుక, ఈ పని వచ్చే విత్తుల అదనుకే మొదలవ్వాలి.