ఏప్రిల్ 2 రాత్రే బ్యాట్ పక్కన పెట్టేయాల్సిందా?

పెద్ద ఆటగాడు ఎవరు రిటైరైనా పాత మెసేజ్ ఒకటి మళ్ళీ బయటికొస్తుంది. మొన్న మా స్నేహితుల గ్రూపులోకీ వచ్చింది. దాని సారాంశం ఇది: "గొప్ప ఆటగాడు పీక్‌లో ఉండగానే తప్పుకోవాలి. గవాస్కర్ 96 కొట్టి వెళ్ళాడు. ద్రవిడ్, లక్ష్మణ్ హుందాగా వెళ్ళారు. సచిన్ మాత్రం 2011 ఏప్రిల్ 2న వరల్డ్ కప్ గెలిచిన రాత్రే ఆపేయాల్సింది పోయి రికార్డుల కోసం వేలాడాడు, కుర్రాళ్ళ చోటు తిన్నాడు, సగటు పాడుచేసుకున్నాడు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

సచిన్ చివరి రెండేళ్ళ ఆట చూస్తుంటే నాకూ ఇబ్బందిగానే ఉండేది. అది దాచుకోను. కానీ ఈ మెసేజ్‌లో ఒక్కో మాటా పట్టుకుని చూస్తే నిలబడేవి తక్కువ.

ముందు ఆ ఏప్రిల్ 2 సంగతి. ఆ రోజుకి సచిన్ లెక్కలేమిటి? అంతకుముందు ఏడాది, అంటే 2010లో, టెస్టుల్లో 1562 పరుగులు, ఏడు సెంచరీలు. 2011 జనవరిలో కేప్‌టౌన్ టెస్టులో సౌతాఫ్రికా ఫాస్ట్ బౌలర్ డేల్ స్టెయిన్ నిప్పులు చెరుగుతుంటే 146. ఆ వరల్డ్ కప్‌లో 482 పరుగులు; అతని కన్నా ఎక్కువ కొట్టింది శ్రీలంక దిల్షాన్ ఒక్కడే. ఆ రాత్రి వాంఖడేలో అతన్ని భుజాల మీద మోస్తున్న కుర్రాళ్ళతో "దించండి, రిటైర్మెంట్ ప్రకటించాలి" అని అంటే మనమే కొట్టేవాళ్ళం. అది పీక్ అని మనకి తెలిసింది ఆ తర్వాత టెస్టు సెంచరీలు రాకపోవడం వల్ల.

పైగా సచిన్‌ని ఇక చాలనడం అదే మొదటిసారి కూడా కాదు. 2006 మార్చిలో ఇంగ్లాండ్ మీద ఒక్క పరుగుకే అవుటై వస్తుంటే సొంత వాంఖడేలోనే గేలి చేశారు. 2007 వరల్డ్ కప్‌లో మనవాళ్ళు మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాక ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ తన కాలమ్‌లో అద్దంలో చూసుకుని ఆలోచించుకోమన్నాడు. సరే, ఆ మాట విన్నాడనుకుందాం. 2008 డిసెంబర్‌లో చెన్నైలో ఇంగ్లాండ్ మీద 387 ఛేజ్ చేస్తూ కొట్టిన 103 నాటౌట్ ఉండదు. గ్వాలియర్ వన్డేలో కొట్టిన 200 ఉండదు. మన ఉప్పల్ 175 అసలే ఉండదు.

ఉప్పల్ గురించి ఒక్క నిమిషం. 2009 నవంబర్ 5, ఆస్ట్రేలియా 350 కొట్టింది. ముప్పై ఆరేళ్ళ సచిన్ 141 బంతుల్లో 175 కొట్టి మ్యాచ్‌ని చేతిలోకి తెచ్చాడు. ఇంకా 17 బంతుల్లో 19 కావాలి. మెక్‌కే వేసిన బంతిని స్కూప్ చేయబోయి షార్ట్ ఫైన్ లెగ్‌లో దొరికిపోయాడు. మా పక్కింటాయన రిమోట్‌ని సోఫాలోకి విసిరేసి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్ళిపోయాడు. మూడు పరుగులతో ఓడాం. రెండేళ్ళ ముందే "అయిపోయాడు" అనిపించుకున్న మనిషి ఆడిన ఇన్నింగ్స్ అది.

ఇక గవాస్కర్. 1987 మార్చిలో బెంగళూరులో, బంతి అడ్డగోలుగా తిరిగే పిచ్ మీద పాకిస్తాన్‌తో 96 కొట్టింది నిజమే. అది అతని చివరి టెస్టన్నదీ నిజమే. అంతమాత్రాన బ్యాట్ అటక మీద పెట్టేశాడా? లేదు. వన్డేల్లో ఇంకా ఆడాడు. అక్టోబర్ 31న నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద జ్వరంతోనే 103 నాటౌట్ కొట్టాడు, వన్డేల్లో అతనికున్న ఒకే ఒక్క సెంచరీ అదే. అయిదు రోజుల తర్వాత వాంఖడేలో వరల్డ్ కప్ సెమీఫైనల్‌లో ఇంగ్లాండ్ బౌలర్ డిఫ్రైటస్ బంతికి బౌల్డ్. చేసింది 4. అసలు వీడ్కోలు ఇన్నింగ్స్ అది. మెసేజ్ రాసినవాళ్ళు 96 దగ్గరే కథ కట్ చేశారు.

ద్రవిడ్, లక్ష్మణ్‌ల మాట ఇంకా విచిత్రం. పీక్‌లోనే వెళ్ళాలంటే ద్రవిడ్ 2011 ఆగస్టులో, ఇంగ్లాండ్‌లో మూడు సెంచరీలతో 461 పరుగులు చేసిన సిరీస్ ముగియగానే వెళ్ళాలి. వెళ్ళలేదు. ఆస్ట్రేలియా వెళ్ళి ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఆరుసార్లు బౌల్డయ్యాక, 2012 మార్చిలో వెళ్ళాడు. అదే సిరీస్‌లో లక్ష్మణ్ చేసింది 155. సచిన్ 287. అంటే ఆ ముగ్గురిలో ఎక్కువ పరుగులు చేసినవాణ్ణే మనం వేలాడాడంటున్నాం! లక్ష్మణ్ చేసిన పని నిజంగా గొప్పదే. ఉప్పల్ టెస్టుకి జట్టులో పేరుండగా, అయిదు రోజుల ముందు, ఆగస్టు 18న, సొంత ఊరి జనం ముందు వీడ్కోలు వద్దనుకుని తప్పుకున్నాడు. ఆ హుందాతనం వెళ్ళిన తీరులో ఉంది. టైమింగ్ మాత్రం అందరిలాగే ఓ చెడ్డ సిరీస్ తర్వాతే.

రికార్డుల కోసం అన్నారు కదా, ఆ వందో అంతర్జాతీయ సెంచరీ గురించి ఎక్కువ చెప్పను. 2012 మార్చిలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద 114కి 147 బంతులు తిన్నాడు, నెమ్మదే. ఆ మ్యాచ్ ఓడాం. కానీ 289 కాపాడుకోలేకపోయిన బౌలర్లని ఎవరూ అనరే?

కుర్రాళ్ళ చోటు అన్న మాటలో మాత్రం కొంత పస ఉంది. కపిల్ దేవ్ హ్యాడ్లీ 431 టెస్టు వికెట్ల రికార్డు దాటేదాకా ఆడుతుంటే, 1991లోనే టెస్టుల్లోకి వచ్చిన ఫాస్ట్ బౌలర్ శ్రీనాథ్ సొంతగడ్డ మీద మొదటి టెస్టు ఆడటానికి 1994 చివరిదాకా ఆగాడు. అది అన్యాయమే. సచిన్ విషయంలో అంత సూటిగా చెప్పలేం. పుజారా, కోహ్లీ, రహానే ముగ్గురూ సచిన్ ఉండగానే టెస్టుల్లోకి వచ్చారు. రోహిత్ 2010లోనే నాగపూర్‌లో ఆడాల్సింది, మ్యాచ్ రోజు పొద్దున చీలమండ మెలిపడి ఆగిపోయాడు. చివరికి సచిన్ ఆఖరి సిరీస్‌లోనే దిగి రెండు టెస్టుల్లో రెండు సెంచరీలు కొట్టాడు. అయినా 2012 డిసెంబర్‌లో ఇంగ్లాండ్ మీద నాలుగు టెస్టుల్లో 112 పరుగులే చేశాక సచిన్‌కి సెలెక్టర్లు ఇక చాలని చెప్పాల్సింది. అక్కడ ఆ మెసేజ్‌తో ఏకీభవిస్తాను. ఆటగాడికి ఆడాలనే ఉంటుంది. వద్దని చెప్పడానికే కదా కమిటీ ఉన్నది.

మిగిలింది సగటు. ఆ కేప్‌టౌన్ 146 తర్వాత 23 టెస్టుల్లో సచిన్ 1229 పరుగులు, సగటు 32. మొత్తం సగటు దాదాపు 57 నుంచి 53.78కి దిగింది. దాన్ని పట్టుకుని "చూశారా, ఫలానావాడే గొప్ప" అంటారు. కోహ్లీ అభిమానులూ ఇదే గోల: 2019 చివర్లో ఆపేసి ఉంటే సగటు 55 ఉండేది, 46.85 అయింది అని. 2019లో ఆపేస్తే ఆ తర్వాత కొట్టిన అహ్మదాబాద్ 186, పెర్త్ సెంచరీ కూడా పోతాయి కదండీ. కాగితం మీద సగటు బాగుండాలని ఆట మానుకోమంటే, ఉద్యోగంలో చెడ్డపేరు వస్తుందేమోనని నలభై ఏళ్ళకే రాజీనామా చేయమన్నట్టుంది.

అన్నట్టు, ఈ మెసేజ్‌కి కొత్త వెర్షన్ కూడా వచ్చింది. సచిన్ పేరు తీసి కోహ్లీ పేరు పెట్టారు, తేదీ 2024 జూన్ 29 చేశారు: టీ20 వరల్డ్ కప్ గెలిచిన రాత్రే అన్నీ వదిలేయాల్సిందట. దాన్ని మా గ్రూపులోకి పంపినాయనే, తర్వాత 2025 ఫిబ్రవరి 23న దుబాయ్‌లో పాకిస్తాన్ మీద కోహ్లీ నూరు కొట్టగానే, అందరికన్నా ముందు "కింగ్" అని పెట్టాడు.