ఆర్పీజీల అభ్యున్నతికి ఆటగాడే అడ్డు

రోల్ ప్లేయింగ్ వీడియో గేములు, అంటే ఆటగాడు ఒక కల్పిత పాత్రను ఎంచుకుని ఆ పాత్రగా కథ నడిపే, మన కుర్రకారు ఆర్పీజీలని పిలుచుకునే ఆటలు, పరిణామం చెందుతున్నాయా లేక పతనమవుతున్నాయా అని తలలు పట్టుకుని వాదులాడుకునేవారిని చూస్తే నాకు జాలి తప్ప మరేమీ కలగదు. పరిణామమంటే అక్కరలేని అవయవాలను ఒక్కొక్కటిగా వదిలించుకోవడమేనని ఒప్పుకుంటే, ఈ పని నలభై ఏళ్లకు పైగా నిరాటంకంగా సాగుతోందనీ, ఇక రాలిపోవలసినది ఆటగాడనే అవయవం ఒక్కటేననీ ఎవరికైనా ఇట్టే బోధపడుతుంది.

ఈ ప్రక్రియ ఎంత అనాగరికమైన దశలో మొదలైందో నేటి తరానికి తెలియదు. 1981లో వచ్చిన విజార్డ్రీ అనే ఆటలో నేలమాళిగలకు మ్యాపు ఉండేది కాదు. ఆటగాడే గళ్ల కాగితం ముందు పెట్టుకుని, అడుగడుగూ లెక్కపెట్టుకుంటూ పెన్సిలుతో గీసుకోవలసి వచ్చేది. లోపలికి వెళ్లిన ఆటగాడి జట్టులోని ఆరుగురూ చచ్చిపోతే శవాలు అక్కడే పడి ఉండేవి, వాటిని మోసుకురావడానికి మరో జట్టును మొదటినుంచీ తయారుచేసి పంపవలసి వచ్చేది. తీరా శవాన్ని గుడికి చేర్చి, రుసుము చెల్లించి, బతికించమని వేడుకుంటే ఒక్కోసారి ఆ తంతు బెడిసికొట్టి శవం కాస్తా బూడిదయ్యేది; ఆ బూడిదకు మళ్లీ రుసుము కట్టి ప్రయత్నిస్తే, అదీ విఫలమైన పక్షంలో మనిషి శాశ్వతంగా గల్లంతయ్యేవాడు. వినియోగదారుల హక్కులను ఇంత బాహాటంగా కాలరాసిన వ్యాపారం మరొకటి ఉంటుందనుకోను.

1997 నాటి ఫాలౌట్ ఇంకొక మెట్టు దిగింది. అందులో కథానాయకుడి తెలివిని అట్టడుగు అంకెకు దించి ఆట మొదలుపెడితే, అతడికి మూలుగులూ మాటముక్కలూ తప్ప మరేమీ పెగలదు, ఊళ్లోవాళ్లు అతడిని మనిషిగా లెక్కచేయరు, చాలామంది పని కూడా అప్పగించరు. ఎంచుకున్నది తానే కదా అని ఆ తెలివితక్కువతనం ఫలితాన్ని ఆటగాడి చేతనే అనుభవింపజేయడం సభ్య సమాజంలో ఎక్కడైనా ఉందా?

అయితే నా అసలు ఆగ్రహం 2002లో బెతెస్డా సంస్థ విడుదల చేసిన మారోవిండ్ మీద. ఓడ దిగిన ఖైదీ, అంటే ఆటగాడి పాత్ర, చేతిలో కాగితాల కట్ట ఒకటి పెట్టి, బల్మోరా అనే ఊళ్లో కైయస్ కొసాడెస్ అనే ఆయనకు అందజేయమంటారు, అంతటితో వాళ్ల బాధ్యత తీరిపోయింది. బాణం గుర్తు లేదు, మెరిసే చుక్క లేదు. బల్మోరా చేరుకుని, సౌత్ వాల్ అనే సారాకొట్టులో వాకబు చేసి, వాళ్లు చెప్పిన ఆనవాళ్లు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి తలుపు తీస్తే, ఒంటిమీద చొక్కా అయినా లేని పెద్దమనిషి ఒకడు ఎదురవుతాడు. చక్రవర్తిగారి గూఢచారి విభాగంలో మనకు పై అధికారి ఆయనేనట. ఇంత అవస్థపడి వెళ్లినవాణ్ని ఆయన ఆదరించి పని అప్పగిస్తాడా అంటే అదీ లేదు. నీకింకా అనుభవం చాలదు, ఎక్కడైనా పనిలో చేరి నాలుగు విషయాలు నేర్చుకుని రమ్మని చేతిలో కాస్త సొమ్ము పెట్టి పంపేస్తాడు. ఉద్యోగం దొరకక కాలక్షేపానికి ఆట కొనుక్కున్న నిరుద్యోగిని ఆటలో కూడా అనుభవం ఏదని అడిగిన ఘనత బహుశా దీనిదే. పోనీ కత్తి దూద్దామంటే, అది ఎదుటి పురుగు ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కళ్లకు కనబడుతున్నా, ఆట లోలోపల వేసుకునే పాచికలు ఒప్పుకోకపోతే దెబ్బ తగిలినట్టు కాదు. కోపం పట్టలేక కథకు కీలకమైన మనిషిని చంపేస్తే ఆట అడ్డుపడదు. జోస్యపు దారం తెగిపోయింది, ముందు దాచుకున్న పాత సేవ్‌కు వెళ్తావో ఈ చెడిన లోకంలోనే ఉంటావో నీ ఇష్టమన్న అర్థం వచ్చేలా ఒక ప్రకటన చూపి ఊరుకుంటుంది.

నాలుగేళ్లకు, 2006లో, అదే సంస్థకు జ్ఞానోదయమైంది. అబ్లివియన్‌లో దిక్సూచి మీదనే గమ్యం గుర్తు వెలసింది, దారి అడిగే అగత్యం తీరిపోయింది. కీలకమైన మనుషులకు మరణం రద్దయింది; వాళ్లను ఎంత నరికినా సొమ్మసిల్లి పడిపోయి, కాసేపటికి దులుపుకుని లేస్తారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రెండున్నర డాలర్లకు గుర్రపు కవచాన్ని విడిగా అమ్మకానికి పెట్టి, ఆట అంటే కొనడం అయిపోయాక కూడా కొంటూ ఉండవలసినదని లోకానికి నేర్పింది. అప్పట్లో పగలబడి నవ్వినవారు నేడు డీఎల్‌సీల, అంటే ఆటకు విడిగా అమ్మే అదనపు సరుకుల, జాబితా చదివి నిశ్శబ్దంగా కార్డు నంబరు కొడుతున్నారు.

ఈ పురోగతిని అంకెల్లో కూడా నిరూపించగలను. మారోవిండ్‌లో పాత్ర నేర్చుకోదగిన నైపుణ్యాలు 27, అబ్లివియన్‌లో 21, 2011 నాటి స్కైరిమ్‌లో 18. బలం, తెలివి, అదృష్టం వంటి ఎనిమిది సహజ గుణాలనైతే స్కైరిమ్ పూర్తిగా ఎత్తివేసింది. మొదట 6, తరువాత 3 తగ్గాయి కనుక, ఇదే వరసలో తరుగుదల ఎప్పటికప్పుడు సగమవుతూ పోతే నైపుణ్యాల సంఖ్య 15 దగ్గర నిలిచిపోతుందే తప్ప సున్నాకు చేరదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతున్న విషయం.

సంభాషణల రంగంలో సాధించిన విజయం మరింత గొప్పది. కంట్రోలరుకు నాలుగు బొత్తాలే ఉన్నప్పుడు మనిషికి నాలుగుకు మించి అభిప్రాయాలెందుకని 2015లో ఫాలౌట్ 4 తేల్చిచెప్పింది. ఆ నాలుగూ కూడా ఒకటి రెండు మాటల్లోనే ఉంటాయి, కాబట్టి కథానాయకుడు నోరు తెరిచేదాకా తాను ఏమనబోతున్నాడో ఆటగాడికి తెలియదు. కాదు పొమ్మన్నా చాలాసార్లు ఆ పని వచ్చి మన జాబితాలోనే కూర్చుంటుంది. కొందరు అసంతృప్తులు పూర్తి వాక్యం కనబడేలా మోడ్, అంటే ఆటను మార్చే సొంత అతుకు, తయారుచేసుకున్నారు. మాట్లాడే ముందు ఏం మాట్లాడుతున్నామో తెలిసి తీరాలనే ఈ పట్టుదల ఎక్కడిదో నాకు అర్థం కాదు.

పతనవాదులు ఎంతకు తెగిస్తారో చెప్పడానికి 2012 ఒక్కటి చాలు. మూడు భాగాల పాటు నిర్ణయాలు తీసుకుంటూ వచ్చిన ఆటగాళ్లకు మాస్ ఎఫెక్ట్ 3 చివర్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని మూడు రంగుల ముగింపులు దక్కాయి. మూడు రంగులు చాలవన్నట్టు వాళ్లు గోల చేసి, ఆ ఆట తీసిన బయోవేర్ సంస్థ కార్యాలయానికి సుమారు 400 కప్‌కేకులు పంపారు: పైపూత మూడు రంగులు, లోపల అన్నిటికీ ఒకటే వెనిలా రుచి. ఆ కేకులను సంస్థ దానం చేసేసిందనుకోండి, అయినా పిండివంటతో ఇంత పదునైన సమీక్ష రాసినవారిని నేను వేరే చూడలేదు, శత్రుపక్షమైనా ఒప్పుకోవాలి. అదే ఏడాది అబ్సిడియన్ సంస్థ పాతకాలపు ఆట ఒకటి తీస్తామని జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో చేయి చాపితే ఇటువంటివారే దాదాపు 40 లక్షల డాలర్లు కుమ్మరించారు. చదవడానికి బోలెడంత ఉంటుందని ముందే చెప్పినా వెనక్కి తగ్గలేదు.

ఈ రంగంలో ద్రష్ట అనదగినవాడు 2002లోనే ప్రోగ్రెస్ క్వెస్ట్ అనే చిన్న ప్రోగ్రామును తయారుచేశాడు. జాతి, వృత్తి ఎంచుకుని పాత్రకు పేరు పెట్టడంతో ఆటగాడి పని పూర్తవుతుంది. ఆపైన రాక్షసులను చంపేదీ, దొరికిన సామాను అమ్మేదీ, కొత్త ఆయుధం కొనేదీ పాత్రే. తెర మీద గీతలు నిండుతుంటే చూస్తూ కూర్చోవచ్చు, చూడకపోయినా నష్టం లేదు. అది హేళన కోసం చేసిన పని అని కొందరంటారు. అంటే అన్నారు గాని, 2016 చివర్లో కొరియాలో లినేజ్ 2 రెవల్యూషన్ ఫోన్లలోకి వచ్చినప్పుడు అందులో క్వెస్టు, అంటే అప్పగించిన పని, మీద ఒకసారి నొక్కితే చాలు, నాయకుడు తనంతట తానే నడిచి వెళ్లి, కొట్టి, గెలిచి, తిరిగి వచ్చేవాడు. ఈలోగా ఫోనును చార్జింగుకు పెట్టి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. హేళన పద్నాలుగేళ్లలో ఆదాయ మార్గమైంది. నేతిబీరకాయలో నెయ్యి ఏదని అడిగేవాడు అప్పుడూ ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు. కూర మాత్రం అమ్ముడుపోతూనే ఉంది.

ఇంత సాఫీగా సాగుతున్న ప్రయాణానికి ఈమధ్య కొందరు విద్రోహులు అడ్డుతగులుతున్నారు. 2019లో డిస్కో ఎలీసియం వచ్చింది. అందులో చెప్పుకోదగ్గ పోరాటాలు లేవు, ఉన్నవన్నీ మాటలే. తాగి పడిపోయి లేచిన డిటెక్టివు ఒంట్లో సత్తువ మరీ తక్కువగా ఎంచుకుంటే, గదిలో దీపం వేసినా గుండె ఆగి ఆట ముగియవచ్చు. తప్పు నీదేనని ఆటగాడికి చెప్పే దుస్సంప్రదాయం దీనితో మళ్లీ తలెత్తింది. 2023లో పరిస్థితి పూర్తిగా చేయి దాటింది. ఆ జూన్‌లో ఫైనల్ ఫాంటసీ 16, ఈ కాలపు పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఆలోచించి దెబ్బ వేసే వంతులవారీ పోరాటాలను మెచ్చడం లేదనే సదుద్దేశంతో తన పాత పద్ధతిని వదిలి, ఆగకుండా బొత్తాలు నొక్కే యాక్షన్ బాట పూర్తిగా పట్టింది. రెండు నెలలు తిరక్కుండానే బెల్జియంలోని గెంట్ పట్టణానికి చెందిన లారియన్ సంస్థ బాల్డర్స్ గేట్ 3ను విడుదల చేసింది. అందులో పోరాటమంతా వంతులవారీనే, పైగా ప్రతి పెద్ద మాటకూ తెర మధ్యలో ఇరవై ముఖాల పాచిక గిరగిర తిరుగుతుంది. ఆ పిల్లలే ఎగబడి కొన్నారు, ఆ ఏటి మేటి ఆట బహుమతి కూడా దానికే దక్కింది. 2025లో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న సంస్థ ఎక్స్‌పెడిషన్ 33 అనే ఆటతో అదే వంతుల విధానాన్ని మరోసారి లోకం మీదికి వదిలింది. ఆటగాడికి ఆలోచించే వ్యవధి ఇస్తే అతడు ఆలోచిస్తాడన్న ప్రాథమిక ప్రమాదాన్ని ఈ సంస్థలు గుర్తించినట్టు లేదు.

అయినా నేను నిరాశపడను. పరిణామం పరాకాష్ఠకు చేరిన ఆర్పీజీ ఒకటి ఇప్పటికే మన మధ్య ఉంది. మారోవిండ్, అబ్లివియన్, స్కైరిమ్‌ల వరసలో తరువాతిదైన ఎల్డర్ స్క్రోల్స్ 6ను బెతెస్డా 2018 జూన్‌లో ప్రకటించింది. అర నిమిషం పాటు కొండలూ, కోనలూ, ఆపైన పేరూ చూపించింది, అంతే. నాటి నుంచి నేటి వరకు అందులో ఒక్క పాచిక కూడా తప్పు పడలేదు, ఒక్క సంభాషణా విసుగు పుట్టించలేదు, నైపుణ్యాల సంఖ్య నేను కోరుకున్న సున్నా దగ్గరే స్థిరంగా ఉంది. లక్షలాది మంది ఆ కొండలు ఏ రాజ్యానివో తర్కించుకుంటూ, ఏ జాతిలో పుట్టాలో, ఏ వృత్తి చేపట్టాలో నిర్ణయించుకుని, నిబద్ధతతో తమ తమ పాత్రలు పోషిస్తున్నారు. దయచేసి సంస్థవారు తొందరపడి దాన్ని విడుదల చేయవద్దు.