హైకోర్టు కొట్టేసిందని తిట్టే ముందు, ఆ ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకి ఎన్ని గంటలకి చేరిందో చూడండి

హత్య కేసులో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేస్తుంది. ఏళ్లు గడిచాక హైకోర్టు దాన్ని కొట్టేస్తుంది. వెంటనే అందరూ అనేది ఒకటే: "టెక్నికల్ పాయింట్ల మీద వదిలేశారు." తీర్పు చదివి మాట్లాడేవాళ్లు ఎంతమంది? నిండు ప్రాణం పోయింది కాబట్టి కోపం రావాల్సిందే. అది పడాల్సిన చోట పడకపోవడమే నా బాధ.

అప్పీలులో సాక్షులు మళ్లీ బోనెక్కరు. యావజ్జీవం పడిన కేసయితే ఇద్దరు జడ్జిల బెంచి ముందు ఉండేది కాగితాల కట్ట: పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) నుంచి దర్యాప్తు అధికారి దాకా కోర్టులో చెప్పిన సాక్ష్యం, మార్క్ చేసిన ఎగ్జిబిట్లు (కోర్టు నెంబరు వేసుకున్న కాగితాలు, వస్తువులు), ఆ సాక్ష్యం గురించి నిందితుణ్ణి కోర్టు 313 (2024 జులైకి ముందటి సీఆర్‌పీసీ సెక్షన్) కింద అడిగిన ప్రశ్నలు, కింది కోర్టు తీర్పు. ఆ సాక్ష్యాన్నంతా హైకోర్టు మొదటి నుంచీ తూకం వేస్తుంది. కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం ఉన్నా వాడేది చాలా అరుదు. ఊరంతటికీ తెలిసిన నిజమైనా సరే, రికార్డుకెక్కకపోతే అక్కడ అది లేనట్టే.

ఎఫ్‌ఐఆర్ సంగతే తీసుకోండి. దాని కాపీ ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి వెళ్లాలి. అందిన తేదీ, టైము వేసి ఆయన సంతకం పెడతారు. రాత్రి 9 గంటలకి కేసు కట్టామని స్టేషన్ అంటుంది, మేజిస్ట్రేటు సంతకం కింద మర్నాడు సాయంత్రం 4 అని ఉంటుంది. మధ్యలో 19 గంటలు. కోర్టు అదే ఊళ్లో ఉన్నా ఎందుకింత సేపు పట్టిందో ఎఫ్‌ఐఆర్ పట్టుకెళ్లిన కానిస్టేబుల్ని సాక్షిగా పిలిచి అడగరు. దీనికి తోడు శవపంచనామాలో క్రైమ్ నెంబరు ఉండదు, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న నిందితుల పేర్లూ కనిపించవు. అప్పుడు డిఫెన్సు లాయరు అడిగేది ఒక్కటే: పేర్లు ముందే తెలిస్తే ఇక్కడెందుకు లేవు? కూర్చుని, ఆలోచించి, ఊళ్లో గిట్టనివాళ్లందరినీ కలిపి తర్వాత రాసుకున్నారేమో? ఆలస్యం ఒక్కటే కేసుని చంపదు, కారణం చెబితే కోర్టులు ఒప్పుకుంటాయి. ఆ కారణం ఎవరూ చెప్పకపోవడమే కేసుని చంపుతుంది. దీన్ని టెక్నికల్ అంటే ఎలా? నిందితుల జాబితాలో అమాయకుడెవడైనా ఇరుక్కున్నాడేమో తేల్చుకోవడానికి జడ్జి చేతిలో ఉండేది ఆ టైమే.

రికవరీ (నిందితుడు చెబితే ఆయుధం స్వాధీనం చేసుకోవడం) దగ్గర జరిగే తప్పుకయితే మన గుంటూరు జిల్లా కేసే దేశమంతటికీ పాఠం. పులుకూరి కొట్టయ్య కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లో ఉన్న మన ఆఖరి అప్పీలు కోర్టు) 1946 డిసెంబరులో చెప్పింది: పోలీసుల ముందు నిందితుడు చెప్పిన దాంట్లో, వస్తువు దొరకడానికి దారి చూపిన ముక్క మాత్రమే చెల్లుతుంది. "బల్లెం గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను" అన్నది చెల్లుతుంది, "మేమే కొట్టి చంపాం" అన్నది చెల్లదు. దాదాపు 80 ఏళ్లయింది. ఇవాళ్టికీ పంచనామాల్లో నేరాంగీకారం మొత్తం పేజీలకి పేజీలు రాస్తారు, కత్తి ఎక్కడ, ఎవరి ముందు, ఎలా దొరికిందో రెండు లైన్లలో తేల్చేస్తారు. పంచనామాకి సాక్షులుగా పెట్టుకున్న మధ్యవర్తులు కోర్టుకొచ్చి "స్టేషన్లో సంతకం పెట్టమన్నారు, పెట్టాం" అంటారు. ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టులో మానవ రక్తమని ఉంటుంది గానీ గ్రూపు తేలదు. ఇక ఆ కత్తిని చనిపోయిన మనిషితో కలిపేది ఏముంది?

కాలిన గాయాల కేసుల్లో మరణ వాంగ్మూలమే ప్రాణం. డాక్టరు "స్పృహలో ఉంది" అని మాత్రమే రాశారు, వాంగ్మూలం ఇవ్వగల మానసిక స్థితిలో ఉందని రాయలేదంటూ 1999లో సుప్రీంకోర్టు ఒక ఆంధ్ర కేసులో శిక్ష కొట్టేసింది. 2002లో అయిదుగురు జడ్జిల బెంచి ఆ పట్టు సరికాదంది: రాసుకున్న మేజిస్ట్రేటుకి ఆమె స్థితి మీద నమ్మకం కుదిరితే సర్టిఫికెట్ లేకపోయినా చాలు. ఇప్పుడు కేసులు దెబ్బతినేది ఎక్కువగా రెండు వాంగ్మూలాల మధ్య తేడాతో. ఆసుపత్రి రిజిస్టర్లో "స్టవ్ పేలింది" అని, రెండు గంటల తర్వాత మేజిస్ట్రేటు దగ్గర "మా ఆయన కిరోసిన్ పోసి అంటించాడు" అని ఉంటుంది. మొదటిసారి ఆమెను తీసుకొచ్చిందెవరు? పక్కన నిలబడింది భర్తేనా? డ్యూటీ డాక్టరు సాక్ష్యమిచ్చేటప్పుడు పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. అడగకపోతే అప్పీల్లో ఆ మౌనం నిందితుడికే పనికొస్తుంది.

కొట్టివేత కాకుండా హత్యని పాత ఐపీసీ 304కి (హత్య కిందికి రాని నరహత్య) తగ్గించినప్పుడూ ఇదే గొడవ. ఆ గాయం చేయాలనే చేశాడా, అది మామూలుగా ప్రాణం తీసేదేనా అన్నది చూస్తారు. రాయవరపు పున్నయ్య కేసులో, అదీ గుంటూరు జిల్లాదే, బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. తలా గుండే ముట్టుకోలేదు కదా అని హైకోర్టు 304 రెండో భాగానికి (చంపే ఉద్దేశం లేకున్నా చావొచ్చని తెలిసి చేసిన పని) తగ్గిస్తే, 1976లో సుప్రీంకోర్టు కాదు, హత్యేనంది. అందుకే పోస్టుమార్టం డాక్టరుని "ఈ గాయాలు సహజంగా మరణం కలిగించడానికి సరిపోతాయా?" అని కోర్టులో అడిగి రాయించాలి. ఆ ఒక్క జవాబు మీద, యావజ్జీవం ఉండాల్సిన కేసు పదేళ్లు మించని శిక్షకి పడిపోవచ్చు.

రెండో వైపూ చెప్పాలి. అప్పీలు విచారణకు రాక జైల్లోనే మగ్గి, చివరికి నిర్దోషిగా బయటికొచ్చేవాళ్లున్నారు. అందుకే 2016లో ఉమ్మడి హైకోర్టు, యావజ్జీవం పడి అయిదేళ్లు జైల్లో గడిపినవాళ్లకి కొన్ని తీవ్రమైన కేసులు మినహాయించి బెయిలు ఇవ్వొచ్చంది. ఆ మనిషి ఊళ్లోకొస్తే బాధిత కుటుంబం "వదిలేశారు" అనుకుంటుంది. వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పరు.

ఆ కుటుంబాలు తెలుసుకోవాల్సిందొకటుంది. కింది కోర్టు కేసు కొట్టేసినా, చిన్న సెక్షన్‌కి తగ్గించినా, పరిహారం తక్కువిచ్చినా 2009 చివరి నుంచి బాధితులే అప్పీలు వేసుకోవచ్చు. దానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్ష చాలలేదని మాత్రం వేయలేరు, అది ప్రభుత్వమే వేయాలి. తీర్పు రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. ప్రభుత్వం అప్పీలు వేస్తోందా లేదా అని పీపీని ఆ వారంలోనే కాగితం మీద అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి.