నీలం బోర్డు చూసి లెక్క కట్టకండి: యూరప్ సైకిల్ దారుల డబ్బుపై ఒక ఫార్వర్డ్‌కి జవాబు

విజయవాడ నుంచి మా బాబాయి పంపిన ఫోటో అది. తర్వాత ఇంకో మూడు గ్రూపుల్లోనూ అదే కనబడింది. ఎర్రగా, నున్నగా సైకిల్ దారి, పక్కన నీలం బోర్డు, దాని మీద పన్నెండు పసుపు నక్షత్రాలు, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) గుర్తు. కింద ఉన్నదాన్ని కుదించి చెబుతాను: "యూరప్‌లో సైకిల్ దారికి మున్సిపాలిటీ పైసా పెట్టనక్కర్లేదు. బ్రస్సెల్స్‌లో సైకిల్ ఫండ్ ఉంది. దరఖాస్తు పెడితే 85 శాతం ఉచితం. నెదర్లాండ్స్, డెన్మార్క్ అలాగే బాగుపడ్డాయి. ఇదంతా ధనిక దేశాలు టూరిస్టుల కోసం చేసుకునే ముచ్చట. 2026తో ఆ డబ్బూ అయిపోతోంది." చివర్లో మన నాయకులకు నాలుగు తిట్లు.

తిట్ల జోలికి నేను పోను. మిగతా మాటల్లో ఒకటి రెండిట సగం నిజం ఉంది, మిగిలినవి నిలబడవు. నేను జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో ఉంటాను. ఇక్కడి పురపాలక సభ సమావేశాలకు ఎవరైనా వెళ్ళి వెనక బెంచీల్లో కూర్చోవచ్చు, నాకు ఆ పిచ్చి ఉంది. కాబట్టి ఈ డబ్బు ఏ దారిన వస్తుందో కొంత కళ్ళారా చూశాను.

మొదటిది, "బ్రస్సెల్స్‌లో సైకిల్ ఫండ్ ఉంది". బ్రస్సెల్స్ అంటే ఈయూ ప్రధాన కార్యాలయాలున్న ఊరు, అక్కడ ఆ పేరుతో ఏ ఫండూ లేదు. ఉన్నవి పెద్ద పెద్ద నిధులు: ప్రాంతీయాభివృద్ధి నిధి, బీద సభ్య దేశాలకిచ్చే కొహీషన్ ఫండ్, సరిహద్దు ప్రాంతాలకు ఇంటర్‌రెగ్, కోవిడ్ తర్వాత వచ్చిన రికవరీ నిధి. ప్రాంతీయాభివృద్ధి నిధినే తీసుకుంటే, ప్రతి దేశమూ, చాలాచోట్ల ప్రతి ప్రాంతమూ ఏడేళ్ళకి తన కార్యక్రమం తానే రాసుకుంటుంది. అందులో ఖర్చు పద్దులకు నంబర్లుంటాయి. 2021-27 కాలానికి సైకిల్ సదుపాయాల పద్దు నంబరు 083. ఈ పద్దులో పెట్టిన ప్రతి యూరోనూ వాతావరణ లక్ష్యం కింద నూటికి నూరు శాతం లెక్కిస్తారు, అందుకే లెక్కలు రాసే అధికారులకు ఇదంటే కాస్త ఇష్టం. కానీ మీ ప్రాంతం తన కార్యక్రమంలో ఆ పద్దుకి డబ్బు కేటాయించకపోతే మీరెంత మంచి దరఖాస్తు రాసినా చిత్తు కాగితమే. దరఖాస్తు వెళ్ళేది కూడా బ్రస్సెల్స్‌కి కాదు. ఆ ప్రాంత రాజధానిలోనో, ఆ దేశ మంత్రిత్వ శాఖలోనో ఉండే మేనేజింగ్ అథారిటీకి, అంటే ఆ కార్యక్రమాన్ని నడిపే కార్యాలయానికి. బ్రస్సెల్స్ నేరుగా నడిపే పథకాలు కొన్ని ఉన్నాయి గానీ, ఊరి బడికి వేసే దారి లాంటివాటికి వాటిలో చోటు దొరకడం కష్టం.

ఈ ఫార్వర్డ్‌కి ఒక తోక కూడా ఉంది: 2024లో సైకిళ్ళ మీద ఈయూ "చట్టం" చేసిందట. 2024 ఏప్రిల్ 3న ఈయూ కమిషన్ (కార్యనిర్వాహక విభాగం), పార్లమెంటు, కౌన్సిల్ (సభ్య దేశాల మంత్రుల సభ) మూడూ కలిసి సంతకం చేసింది ఒక ప్రకటన మీద. మంచి మాటలే ఉన్నాయి, డబ్బు మాత్రం ఒక్క యూరో కూడా అందులో కేటాయించలేదు.

రెండోది, "85 శాతం ఉచితం". అసలు గందరగోళం ఇక్కడే. 85 అనేది ఖర్చులో ఈయూ ఇచ్చే వాటాకి బాగా వెనకబడిన ప్రాంతాల్లో ఉన్న గరిష్ఠ పరిమితి. మధ్యస్థ ప్రాంతాలకు 60, అభివృద్ధి చెందిన వాటికి 40. మొన్నమొన్నటి దాకా వెనకబడి ఉండి ఇప్పుడు మధ్యస్థంలోకి ఎక్కిన ప్రాంతానికి 70. బాబాయి కూతురు చదువుతున్న పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరం ఈ 70 గుంపులోదే. అంటే ఎంత లేదన్నా 30 శాతం ఆ దేశం నుంచో, ఆ ఊరి నుంచో రావాలి. మన దగ్గర కేంద్ర పథకాల్లో రాష్ట్ర వాటా కట్టకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

పైగా డబ్బు ముందు చేతికి రాదు. ఈయూ నుంచి ఏటా వచ్చే మామూలు అడ్వాన్సు కార్యక్రమం మొత్తంలో అర శాతమే. పని చేసి, బిల్లు కట్టి, రసీదులు చూపిస్తే అప్పుడు తిరిగొస్తుంది. కట్టిన దారిని అయిదేళ్ళ లోపు మరో పనికి మార్చినా డబ్బు వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. "ఉచితం" అన్న మాటకి ఇందులో చోటెక్కడ?

మా ఊరి సంగతి చెబుతాను. వాగు మీద సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఒక చిన్న వంతెన కావాలని చాలా ఏళ్ళ కోరిక. దానికి వచ్చింది బ్రస్సెల్స్ డబ్బు కూడా కాదు, బెర్లిన్ డబ్బు. "ష్టాట్ ఉండ్ లాండ్", అంటే పట్నం-పల్లె, అనే కేంద్ర పథకం. మామూలు మున్సిపాలిటీకి 75 శాతం, ఆదాయం తక్కువున్న మున్సిపాలిటీకి 90 శాతం దాకా ఇస్తుంది. సభలో అందరూ బల్లలు తట్టారు. జర్మన్లకి చప్పట్ల బదులు అదే. అప్పుడు లెక్కలు చూసే పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసుకుని, "మిగతా పాతిక ఏ పద్దులోంచి ఇద్దాం? అగ్నిమాపక బండి వాయిదా వేద్దామా?" అని అడిగాడు. బల్లల చప్పుడు ఆగిపోయింది.

ఆ పాతిక దొరికాక కూడా ఇంకో ఏడాది పోయింది. ఇక్కడి గ్రాంట్లలో ఒక కఠినమైన నియమం ఉంది: మంజూరు కాగితం చేతికి రాకముందే కాంట్రాక్టరుతో ఒప్పందం మీద సంతకం పెడితే పని మొదలైపోయినట్టే లెక్క, గ్రాంటు పోయినట్టే. సరే, కాగితం కోసం ఆగారు. అది మార్చిలో వచ్చింది. గట్టు మీద ఏడు చెట్లు కొట్టాలి. పక్షులు గూళ్ళు పెట్టే కాలమని మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడ చెట్లు నరకడానికి మామూలుగా అనుమతి ఉండదు. ఏడు చెట్ల కోసం వేసవి అంతా గడిచిపోయింది. ఫోటోలో ఈ ఏడాది కనపడదు. నీలం బోర్డు మాత్రం పెద్దగా కనపడుతుంది, ఎందుకంటే అది పెట్టడం నియమం: ప్రాంతీయాభివృద్ధి నిధి సాయంతో 5 లక్షల యూరోలు దాటిన పనికి శాశ్వత బోర్డు పెట్టి తీరాలి. సొంత వాటా పెట్టిన ఊరు అంత పెద్ద బోర్డు పెట్టుకోదు. ఫార్వర్డ్ రాసినాయన బోర్డు చదివాడు, బడ్జెట్టు చదవలేదు.

"నెదర్లాండ్స్, డెన్మార్క్ అలాగే బాగుపడ్డాయి." ఇది పూర్తిగా తలకిందులు. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద 3,200 మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అన్న నినాదంతో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు ఆపేశారు. ఆ దశాబ్దంలోనే టిల్‌బర్గ్, హేగ్ నగరాల్లో నమూనా సైకిల్ మార్గాలకు డచ్ కేంద్ర ప్రభుత్వమే డబ్బు పెట్టింది. యూరప్ ప్రాంతీయాభివృద్ధి నిధి పుట్టిందే 1975లో, అదీ వెనకబడిన ప్రాంతాల కోసం. ఆ తర్వాత డచ్చివాళ్ళు పట్టుకున్న కిటుకు ఇంకా చవక: మురుగు పైపులు మార్చడానికి ఎలాగూ వీధి తవ్వాలి కదా, తవ్విన వీధిని మళ్ళీ పూడ్చేటప్పుడు కొత్త నమూనాలో పూడుస్తారు. ఆ ఖర్చు చాలామటుకు సైకిల్ పద్దులో కనపడదు, మురుగు పద్దులోనో రోడ్ల పద్దులోనో ఉంటుంది. "నెదర్లాండ్స్‌కి సైకిల్ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది" అని వెతికేవాళ్ళు పొరబడేది ఇక్కడే.

డెన్మార్క్ కథ చిన్నది. అక్కడి ప్రభుత్వం 2035 దాకా వేసిన రవాణా ప్రణాళికలో సైకిళ్ళకి 300 కోట్ల క్రోన్లు పక్కన పెట్టింది. అది దేశ ఖజానా సొమ్ము.

"ధనిక దేశాల టూరిస్టు ముచ్చట." స్లొవేకియా, ఆస్ట్రియా మధ్య మొరావా నది మీద 2012లో ఒక సైకిల్ వంతెన తెరిచారు. ఈయూ సరిహద్దు నిధుల సాయంతో కట్టిందే. పేరు పెట్టమని ఇంటర్నెట్‌లో ఓటింగ్ పెడితే జనం హాలీవుడ్ ఫైటింగ్ సినిమాల నటుడు చక్ నోరిస్ పేరుని గెలిపించారు! ప్రాంతీయ సభ ఒప్పుకోలేదు. ఇనుప తెర రోజుల్లో, అంటే కమ్యూనిస్టు తూర్పు యూరప్‌కీ పశ్చిమ యూరప్‌కీ మధ్య దారులు మూసేసిన కాలంలో, ఆ సరిహద్దు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గుర్తుగా స్వేచ్ఛా వంతెన అని పెట్టింది. తూర్పు పోలండ్‌లో అయిదు ప్రాంతాల మీదుగా 2,000 కిలోమీటర్లకు పైగా సాగే గ్రీన్ వేలో మార్గం కూడా ఈయూ నిధులతో వచ్చిందే. ఆ అయిదూ ఈయూలో బీద ప్రాంతాల జాబితాలో ఉన్నవే. కాబట్టి "ధనిక దేశాలు" తప్పు. "టూరిస్టులు" మాత్రం సగం ఒప్పు, దాచేదేముంది: ఇటలీ తన రికవరీ ప్రణాళికలో సైకిల్ దారులకు పెట్టిన 60 కోట్ల యూరోల్లో 40 కోట్లు పర్యాటక మార్గాలకే, నగరాల్లోవాటికి 20 కోట్లే. నది పక్కన అందమైన దారి వేస్తే ఎవరూ గొడవ చేయరు. ఊరి నడిబొడ్డున పార్కింగ్ తీసి దారి వేస్తే దుకాణదారులంతా ఏకమైపోతారు.

దీనికి విరుగుడుగా స్పెయిన్‌లో సెవిల్ నగరాన్ని చూపిస్తాను. 2006-07ల్లో సుమారు 80 కిలోమీటర్ల దారుల వల ఒకేసారి వేశారు, ఖర్చు దాదాపు 3.2 కోట్ల యూరోలు. వేల పార్కింగ్ చోట్లు తీసేశారు. నగరాల్లో రవాణా ఖర్చుల లెక్కన ఇది చిల్లర. కావలసినంత డబ్బు చాలా ఊళ్ళ దగ్గర ఉంటుంది, పార్కింగ్ తీసే ధైర్యమే ఉండదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోతే వాదించండి.

"2026తో డబ్బు అయిపోతోంది." రికవరీ నిధి విషయంలో ఇది నిజమే: లక్ష్యాలు పూర్తి చేయడానికి ఆఖరు గడువు 2026 ఆగస్టు 31. కానీ ప్రాంతీయాభివృద్ధి నిధి ఖర్చులకు 2029 డిసెంబరు 31 దాకా సమయం ఉంది. 2028-34 బడ్జెట్ ప్రతిపాదనను కమిషన్ 2025 జూలైలో పెట్టింది. ప్రాంతీయ నిధుల్నీ వ్యవసాయ నిధుల్నీ కలిపి దేశానికొక ప్రణాళిక చేస్తామంటోంది. నాకున్న భయం అక్కడ: రైతుల సబ్సిడీతో ఒకే బల్ల మీద కూర్చుంటే సైకిల్ దారి వంతు ఎప్పుడొస్తుంది?

అసలు ఎండిపోయేది ఎక్కువగా దేశాల సొంత బావులు. ఫ్రాన్స్ 2023లో అయిదేళ్ళకి 200 కోట్ల యూరోల సైకిల్, నడక ప్రణాళిక ఘనంగా ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే బడ్జెట్ కోతలు మొదలయ్యాయి. ఐర్లండ్ 2020లో రవాణా పెట్టుబడిలో 20 శాతం నడకకీ సైకిళ్ళకీ అని, ఏటా 36 కోట్ల యూరోలని రాసుకుంది. సర్కారు మారితే ఇలాంటివి మారతాయి, అది బ్రస్సెల్స్ చేతిలో లేదు.

ఇదంతా ఫోన్లో చెబితే బాబాయి ఓపిగ్గా విని, "అదంతా సరేరా, మీ చెల్లెలు హాస్టల్ నుంచి కాలేజీకి లారీల పక్కనే తొక్కుకుంటూ పోతోంది. దారి కావాలంటే ఎవర్ని అడగాలి?" అన్నాడు. ఫార్వర్డ్ కన్నా ఈ ప్రశ్న నయం.

పోలండ్‌లో 2018లో చేసిన చట్టం ప్రకారం వ్రోత్స్వాఫ్ లాంటి పెద్ద నగరాలు ప్రతి ఏటా పౌర బడ్జెట్ పెట్టాలి. నగరం ఖర్చులో కనీసం అర శాతం దానికి వదలాలి. ఏ పని కావాలో ప్రతిపాదించేదీ ఓటేసేదీ ఆ ఊళ్ళో ఉండేవాళ్ళే. ప్రతిపాదనకి చుట్టుపక్కల వాళ్ళ సంతకాలు కొన్ని కావాలి. రెండు కూడళ్ళ మధ్య గీతలు, ఒక రాంపు, సైకిల్ స్టాండు లాంటి చిన్న పనులకి అది సరిపోతుంది. చెల్లెలికి రాత్రే రాశాను. హాస్టల్లో సంతకాలు పెట్టించే పని నువ్వు చూడు, ప్రతిపాదన పోలిష్‌లో రాసిపెట్టే స్నేహితురాలు ఎవరైనా ఉన్నారా అని. ఉంది, కానీ పరీక్షలయ్యాక అంది.