సోలార్ వాటర్ హీటర్ కొటేషన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కొటేషన్ గారికి,

నమస్కరించి వ్రాయునది. నిన్న సాయంత్రం ఏడు దాటాక తమరు వాట్సాప్‌లో పీడీఎఫ్ రూపంలో వేంచేశారు. సంతోషం. తమరిని తయారుచేసిన మనిషి మాత్రం రాలేదు. 'మూడింటికల్లా సైటు చూడ్డానికి వచ్చేస్తాం సార్, ఇంట్లోనే ఉండండి' అన్న మాట నమ్మిన పాపానికి సగం రోజు సెలవు పెట్టి, కునుకైనా తియ్యకుండా, గేటు చప్పుడైనప్పుడల్లా బాల్కనీలోకి పరిగెత్తాను. కొరియర్ కుర్రాడొచ్చాడు. పాత పేపర్లాయన వచ్చాడు. ఫోన్ చేస్తే 'మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఉన్నా సార్' అన్నాడు. ఇంకాసేపటికి స్విచాఫ్. ఆ తర్వాత తమరు, గడప తొక్కకుండానే ఇంటికి సరిపడా లెక్కలతో!

మొదటి పేజీ చదివి మురిసిపోయిన మాట వాస్తవం. 300 లీటర్ల ట్యాంకు, 30 గాజు గొట్టాలు, మబ్బు పట్టిన రోజులకి లోపల కరెంటు కాయిల్. ఆ కిందే 'రూమ్ హీటింగ్ – ఆప్షనల్' అని ఉంది. అయ్యా, మాది విశాఖ ఎంవీపీ కాలనీ, చలికి పేరుపడ్డ లంబసింగి కాదు. జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకి దిగితే మావాళ్ళు చెవులకి మఫ్లర్లు చుట్టుకునే మాట నిజమే. అంతమాత్రాన, మిగతా ఏడాదంతా చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయే ఊళ్ళో గదులు కాచుకోవడానికి డబ్బులు పొయ్యమంటారా? ఏ కొండమీది హోటల్‌కో వేసిన లెక్కకి పేరు మార్చి పంపినట్టున్నారు. అదైనా పూర్తిగా మార్చారా అంటే లేదు, మూడో పేజీకొచ్చేసరికి నేను 'రిసార్ట్ మేనేజ్‌మెంట్' అయిపోయాను.

తమరి వారంటీ ఇంకా ముచ్చటగా ఉంది. ఉప్పు గాలికి తుప్పు పడితే చెల్లదు. బోరు నీళ్ళకి గార కడితే చెల్లదు. గాలివానకి గొట్టాలు పగిలితే చెల్లదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మీద పడ్డ ఊరండీ ఇది. సముద్రం పక్కన కాపురముంటూ ఆ మూడూ తీసేస్తే ఇక పాడవడానికి ఏం మిగిలిందని వారంటీ? ట్యాంకు తుప్పంతా తన మీద వేసుకుని కరిగిపోయే మెగ్నీషియం రాడ్డు ఒకటి లోపల ఉంటుంది. దాన్ని ఎన్నాళ్ళకి మార్చాలో, ఖరీదెంతో, ఆ ఊసే లేదు.

తమరి దాయాదుల సంగతీ చూశాను. ఐదు బాత్రూములకీ ఐదు గీజర్లు పెట్టి పారెయ్యరా అన్నాడు మా బాబాయి. ఒక్కోటి 2 కిలోవాట్లు. పొద్దున్నే అందరూ ఒకేసారి నొక్కితే 10 కిలోవాట్లు, అంటే 40 ఆంపియర్ల పైమాటే. మా సింగిల్ ఫేజ్ అక్కడికక్కడే దణ్ణం పెట్టేస్తుంది. హీట్ పంప్ మంచి వస్తువే. గాల్లో ఉన్న వేడిని లాగి నీళ్ళకిస్తుంది, యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా వేడి వస్తుంది, మన ఉక్కపోత దానికి పండగ. 'మోత అసలుండదు సార్' అని దాన్ని అమ్మే కుర్రాడంటే ఏదీ వినిపించమన్నాను. వీడియో పంపాడు, సౌండ్ తీసేసి. ఇక కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజర్ బిగిస్తానన్న మహానుభావుణ్ణి, విషవాయువు సంగతి ఎత్తగానే, కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశాం.

ఇవన్నీ మర్చిపోగలను. మర్చిపోలేనిది తమరి ఆఖరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 'ప్లంబింగ్, పైపులు, సివిల్ వర్క్ – కస్టమర్ స్కోప్.' అంటే ఆ పనీ ఖర్చూ అంతా నా నెత్తినే.

మాది మూడంతస్తుల ఇల్లు. వాస్తు పుణ్యమా అని నీళ్ళ ట్యాంకు పైన నైరుతి మూల. మామ్మ బాత్రూము కింద, పెరటి వైపు ఆ చివర. మేడ మీంచి అక్కడికి పైపు దారి 22 మీటర్లు. ముప్పావంగుళం పైపులో మీటరుకి పావు లీటరు నీళ్ళు నిలుస్తాయి. అంటే రాత్రంతా చల్లారిన ఐదారు లీటర్లు దిగిపోతే గానీ వేడి ఊసుండదు. ఆ వచ్చే వేడిని కూడా ముందు పైపే తాగుతుంది. ఐదింటికి లేచే మనిషి, ఎనభై దాటిన మనిషి, కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడాలి. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడన్నారు గానీ, ముందు అరబకెట్టు తోడే దిగితే ఎలా? ఆవిడ స్నానమయ్యాక పైపులో మిగిలిన వేడి మళ్ళీ గోడలోనే ఆరిపోతుంది. ఐదు బాత్రూముల్లోనూ ఇదే తంతు. వేసవిలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే ఊళ్ళో, రోజూ తెల్లారకుండా బకెట్లకొద్దీ మంచినీళ్ళు కాలవపాలు.

చన్నీళ్ళ ట్యాంకు తమరి సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలట. మాది స్లాబు మీదే చతికిలబడి ఉంది. దాన్ని లేపడానికి ఇటుకలు, సిమెంటు, మేస్త్రీ. అదీ నా స్కోపే!

వచ్చి చూసుంటే కదయ్యా తెలిసేది! మేడెక్కి, టేపు పట్టి, కిందికి దిగితే పావుగంట పని. వేడి ఆరకుండా పైపుకి తొడుగు చాలా? చల్లారిన నీళ్ళు మళ్ళీ ట్యాంకులోకి పోయేలా తిరుగు లైను వేసి చిన్న పంపు పెట్టాలా? పై రెండంతస్తులకే సోలార్ ఇచ్చి, మామ్మ బాత్రూములో 15 లీటర్ల గీజర్ పెట్టుకుంటే సరిపోతుందా? నాకైతే మూడోదే నయమనిపిస్తోంది. అది చెప్పించుకోడానికే పిలిచింది! హీటర్ కొనడం నాకూ వచ్చు, డాబాగార్డెన్స్‌కి పోతే షాపు నిండా ఉన్నాయి. వేణ్ణీళ్ళు బకెట్లో పడాలి. మేడ మీద కుతకుతలాడితే ఎవరికి, కాకులకా?

ఏడు రోజుల్లో చెల్లనని తమరు బెదిరించారు. ఆ ఏడు రోజుల్లోనే తమరి మనిషిని పంపండి. మామ్మ కుళాయిలో వేడి ఎంతసేపటికి వస్తుందో కాగితం మీద రాసి సంతకం పెడితే అడ్వాన్సు అప్పుడే ఇస్తాను. టేపు మాత్రం మీరే తెచ్చుకోండి. మా ఇంట్లో ఉన్నది బట్టలు కొలిచేది, ఐదడుగులకే అయిపోతుంది.

ఇట్లు,
సకలం తన స్కోపే అయిన
కస్టమర్