పరామర్శకు ఆసుపత్రికి కాదు, పిల్లలున్న ఇంటికి పోండి

మా బంధువుల్లో, స్నేహితుల్లో ఇది చదివే అందరికీ ఒక మాట చెప్పాలని రాస్తున్నా. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలియగానే యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా పట్టుకొని ఆసుపత్రికి పరిగెత్తడం ఇక మానేద్దాం. రోగి దగ్గర డాక్టరుంటాడు, నర్సులుంటారు, భర్తో తమ్ముడో ఒకరు తోడుంటారు. ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు ఏ అవ్వాతాతల దగ్గర ఉన్నారో కనుక్కొని అక్కడికి పోండి. అవసరం అక్కడుంది.

ఈమధ్యే మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. అక్కకు అండాశయం మీద గడ్డ ఉందని స్కానింగులో తేలింది, క్యాన్సరేమో అని అనంతపురంలో డాక్టరు అనుమానం చెప్పి బెంగళూరుకు పొమ్మన్నాడు. అక్క, బావ ఇద్దరూ పోయారు. నాలుగేళ్ల కొడుకు, ఏడాదిన్నర కూతురు గుత్తి దగ్గర మా ఊర్లో అమ్మానాయనల దగ్గర ఉండిపోయారు. అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, నాయనకు మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. నేను కర్నూలులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు వచ్చిపోయేదాన్ని. గడ్డ మామూలుదే అని ఆపరేషన్ తర్వాత రిపోర్టు వచ్చింది, దేవుడి దయ. కానీ ఆ రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఏం పడ్డారో బెంగళూరులో పరామర్శించి వచ్చిన మా వాళ్లలో చాలామందికి తెలియదు.

మన సీమలో ఈ కష్టం ఎక్కువ. కర్నూలు పెద్దాసుపత్రి ఉంది, కడపలో రిమ్స్ ఉంది, అనంతపురంలోనూ సర్వజన ఆసుపత్రి ఉంది, అయినా పెద్ద జబ్బు అనే మాట వినపడగానే అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, కడప వాళ్లు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో బయల్దేరతారు. అనంతపురం నుంచి బెంగళూరు అయినా కర్నూలు నుంచి హైదరాబాదు అయినా 200 కిలోమీటర్ల పైనే. పరీక్షకు ఒక రోజు, దాని రిపోర్టుకు రెండు రోజులు, పెద్ద డాక్టరు దొరకడానికి ఇంకో రోజు, ఇట్లా వారాలు గడిచిపోతాయి. వార్డుల్లోకి చిన్నపిల్లలను రానివ్వరు, రానిచ్చినా తీసుకుపోకూడదు, ఇన్ఫెక్షన్లు. కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేసారి పిల్లల కళ్ల ముందునుంచి మాయమైపోతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటినుంచి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఆసుపత్రి ఖర్చు గురించి అడగడానికి ఒక కౌంటరైనా ఉంది, ఆరోగ్యమిత్ర అని ఒక మనిషైనా ఉన్నారు. ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తారని అడిగే మనిషి ఎక్కడా లేరు. అవ్వ ఉంది కదా అని అందరూ ధీమాగా ఉంటారు.

ఆ అవ్వ రోజు ఎట్లా గడుస్తుందో చెప్తా. చంటిది తల్లి పక్కన పడుకునే అలవాటు, రాత్రి రెండుకో మూడుకో లేచి ఏడుస్తుంది, భుజాన వేసుకొని వరండాలో తిప్పితే తప్ప ఊరుకోదు. పది కిలోల బిడ్డను ఎత్తుకొని అరవై దాటిన మనిషి అర్ధరాత్రి తిరుగుతుంది. తెల్లారితే పెద్దవాడికి స్నానం, ఉగ్గాని చేస్తే వద్దు దోశ కావాలంటాడు, దోశ పోసేసరికి చంటిది నీళ్ల బకెట్టు దగ్గరికి పాకుతుంది. ఇందులో అమ్మ తినే టైము లేదు. షుగరు మాత్ర వేసుకొని తినకుండా ఉంటే ఏమవుతుందో షుగరున్న ఇళ్లవాళ్లకు తెలుసు, ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. ఒక ఆదివారం నేను చూస్తుండగానే పొయ్యి దగ్గర అట్లా కూలబడింది, చక్కెర నీళ్లు తాగించాక తేరుకుంది. తేరుకోగానే అన్న మొదటి మాట, "అక్కకు చెప్పొద్దు మే."

ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ఆమె జవాబు ఒకటే, "ఏం లేదులేమ్మా, బాగుండారు పిల్లోళ్లు." కూతురు ఆపరేషన్ బల్ల మీద ఉంటే తన మోకాలి నొప్పి, తన నిద్ర గురించి ఏ తల్లి చెప్పుకుంటుంది? అందుకే ఆమె చెప్పేదాన్ని పట్టుకొని సరేలే బాగున్నారంట అని ఫోన్ పెట్టేయకండి. వెళ్లి చూడండి.

వెళ్లేవాళ్లు ఎట్లా వెళ్లాలో కూడా చెప్పాలి, ఎందుకంటే కొందరు వచ్చారు, వచ్చి మంచం మీద కూర్చొని, ఎవరో ఫలానా ఊర్లో ఇట్లాగే గడ్డ అన్నారంట, తెరిచి చూస్తే అంతా పాకిపోయిందంట అని కథలు చెప్పి, అమ్మ చేత కాఫీ పెట్టించుకొని తాగి పోయారు. నాలుగేళ్లవాడు అక్కడే ఆడుకుంటున్నాడు, వాడికి చెవులున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. సంగటి, పప్పు వండుకొని క్యారియర్‌లో తెచ్చి పెట్టండి. పెద్దవాడిని ఒక గంట బయట తిప్పుకొని రండి. చంటిదాన్ని తీసుకొని, "అత్తా, నువ్వు పోయి పండుకో" అని తలుపు వేయండి. బీపీ చూపించుకోవడానికి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోండి, ఆమె మాత్రలు అయిపోయాయేమో డబ్బా తెరిచి చూడండి.

ఫోన్ గురించి ఒక మాట. పిల్లలకు ఫోనిస్తోంది, ముసలామె అలవాటు చెడగొడుతోంది అని అమ్మను అన్నవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్, టీవీ వద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు, నిజమే, నేను కాదనను. కానీ అన్నం వార్చేటప్పుడు చంటిది పొయ్యి దగ్గరికి రాకుండా ఉండాలంటే ఆమె దగ్గర ఇంకో మనిషి లేదు, ఫోనే ఉంది. ఆ మనిషి మీరు అవ్వండి, ఫోన్ దానంతట అదే పక్కకు పోతుంది.

పిల్లల్ని వదిలిపెట్టి పోయే తల్లిదండ్రులు, వాళ్లకు కుదరకపోతే దగ్గరివాళ్లు ఎవరైనా, ఒక అరగంట కూర్చొని కొన్ని పనులు చేసి పెట్టాలి. జ్వరం మందు ఎంత పోయాలన్నది వయసును బట్టి కాదు, బరువును బట్టి డాక్టరు రాసిస్తాడు, ఆ కొలత పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, సీసా మీది చిన్న అక్షరాలు ముసలి కళ్లకు ఆనవు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసి కలపకూడదు, ఇది చాలా ఇళ్లలో తప్పు చేస్తారు. టీకాల కార్డు అవ్వ చేతికివ్వండి. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు ఉంటాయి, ఇట్లాంటి గందరగోళంలోనే అవి తప్పిపోతాయి, మా చంటిదానికీ అప్పుడే పడింది, ఊర్లో ఆశా కార్యకర్త గుర్తుచేసి తీసుకుపోయింది కాబట్టి సరిపోయింది. మూడేళ్లు దాటిన పిల్లాడుంటే అంగన్‌వాడీలో టీచరుతో మాట్లాడండి, పగలు కొన్ని గంటలు వాడు అక్కడ ఉంటే వాడికీ మంచిది, ఇంట్లో పెద్దామెకూ ఊపిరాడుతుంది.

అన్నిటికంటే భయపెట్టేవి మాత్రలు. ముసలివాళ్ల మాత్రలు దిండు కింద, కిటికీలో, చీర కొంగు ముడిలో ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్లలు లేనన్నాళ్లూ అది చెల్లింది. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లలకు షుగరు ప్రాణం మీదికి వచ్చేంత పడిపోవచ్చు, మింగిన వెంటనే ఏమీ కనపడకపోయినా ఆసుపత్రిలో పెట్టి చూడాల్సిందే. పై అలమరలో పెట్టి తాళం వేయండి. ఇంకోటి మన జిల్లా సంగతి, శెనక్కాయలు. ఇంట్లో మూటలుంటాయి, వేయించినవి గిన్నెలో పెట్టుకొని తాత తింటుంటే చంటిది నోరు చాపుతుంది, తాత ప్రేమగా రెండు గింజలు పెడతాడు. గింజ గొంతు దాటి ఊపిరి గొట్టంలోకి పోతే బ్రాంకోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్న గొట్టం ఊపిరి గొట్టంలోకి పంపి, తీయాల్సి వస్తుంది. అంత చిన్నపిల్లలకు గింజ గింజగా పెట్టకూడదు, పొడి చేసి అన్నంలో కలిపి పెట్టొచ్చు. నాయనకు చెప్తే మొదట, "మిమ్మల్ని పెంచలేదా" అన్నాడు, ఎందుకు వద్దంటున్నానో విడమరిచి చెప్పాక గిన్నె లోపల పెట్టాడు.

నాయన గురించి ఇంకా చెప్పాలి. మన ఇళ్లలో తాత అంటే అరుగు మీద కూర్చొని పిల్లల్ని ఆడించేవాడు, కడగడం, తినిపించడం, నిద్రపుచ్చడం అన్నీ అవ్వవే. మోకాళ్ల నొప్పి ఉన్నా నాయన రెండో వారానికి చంటిదానికి డైపరు మార్చడం నేర్చుకున్నాడు. ఊర్లో ఎవరో నవ్వారంట. నవ్వనీ. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి తన మనవరాలి కోసం నేర్చుకున్నాడు, మా నాయనను చూస్తే నాకు గర్వంగా ఉంది.

డబ్బు సంగతి ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4000 అయింది, ఎన్ని ఇళ్లలో అది నేరుగా పాల ప్యాకెట్లకు, డైపర్లకు పోతోందో లెక్క ఎవరు చూశారు? ఆసుపత్రిలో కవరులో పెట్టి రోగి చేతికిచ్చే ఐదొందలు ఆ అవ్వ చేతిలో పెట్టండి, లేదా పాలవాడికి నెల డబ్బు మీరే కట్టేయండి, ఆమె అడగదు.

పిల్లాడు రోజూ అడిగేవాడు, "అవ్వా, అమ్మ ఎప్పుడొస్తాది?" అందరూ "రేపు" అనేవాళ్లు. వాడు పొద్దున్నే లేచి గేటు దగ్గర నిలబడేవాడు. అమ్మే ఒకరోజు వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని, "మీ అమ్మకు కడుపులో నొప్పి, డాక్టరు బాగుచేస్తాండాడు, ఇంకా శానా రోజులు పడతాది, అంతవరకు నేనుంటా, తాత ఉంటాడు" అని చెప్పింది. ఆ రోజు బాగా ఏడ్చాడు. తర్వాత గేటు దగ్గరికి పోవడం మానేశాడు. నాలుగేళ్ల బిడ్డకైనా నిజం చెప్పాలి, వాడికి అర్థమయ్యేంత చెప్పాలి. వీడియో కాల్ కూడా పడుకునే ముందు వద్దు, సాయంత్రం ఆడుకునే టైములో చేస్తే మంచిది, లేకపోతే ఫోన్ పెట్టేశాక రాత్రంతా ఆ ఏడుపు అవ్వే మోయాలి.

అక్క డిశ్చార్జయి ఊరికి వచ్చింది. ఆరోజునుంచి ఫోన్లు తగ్గిపోయాయి, ఇంకేం, బాగైపోయింది కదా అని. కడుపు కోసి చేసిన ఆపరేషన్, ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. అంటే చంటిదాన్ని ఎత్తుకోకూడదు. బిడ్డ ఎదురుగానే ఉన్న తల్లిని చూసి చేతులు చాపుతుంది, ఆ చేతుల్ని పక్కకు తీసుకొని ఎత్తుకోవాల్సింది మళ్లీ అమ్మే. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు కాదు, ముగ్గురు. మా చిన్నత్త ప్రొద్దుటూరు నుంచి వచ్చి పది రోజులు ఉంటానంది, బావ వాళ్ల అమ్మ ఆ తర్వాత వస్తానన్నారు. మిగతా రోజులకు ఇంకా ఎవరూ కుదరలేదు, మా వాళ్లలో ఇది చదివినవాళ్లు ఎవరైనా రాగలిగితే నాకు ఫోన్ చేయండి, అమ్మకు చేయొద్దు, ఆమెనడిగితే ఎవరూ అవసరం లేదంటుంది.